విజయభాస్కర్ బుధవారాలు
విజయభాస్కర్‌కు యాభై రెండేళ్లు, రెండు రొయ్యల గుంటలు, ఊళ్లో ఎవరితోనైనా వాదించి గెలిచే నోరు ఉన్నాయి. గుంటలో ఏ మందు చల్లాడో ఆ నోటి నుంచి నిజం వచ్చిన రోజు మాత్రం లేదు. అతన్ని ఒక్కణ్ణే అనడానికి లేదు. మా తీరంలో రొయ్యలు పెంచేవాళ్లంతా పెళ్లిచూపుల్లో పిల్లవాడి జీతం చెప్పినట్టే గుంట సంగతి చెబుతారు. సున్నం చల్లి బెల్లం అంటారు. పక్క గుంటవాడు నమ్మడు, నమ్మడని వీళ్లకూ తెలుసు.

ఇంత ధీమా గల మనిషి రెండేళ్లుగా ఇంట్లో పడుకోవడం లేదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయని చెప్పి గుంట కట్ట మీది షెడ్డులో మంచం వేసుకున్నాడు. ఏరేటర్లు చూడడానికి జీతమిచ్చి పెట్టుకున్న కాపలా మనిషి ఉన్నాడు. అసలు సంగతి వేరు. భార్య కామాక్షి పక్కన చేరినప్పుడు అతని ఒళ్లు అతని మాట వినడం మానేసింది. నాలుగైదుసార్లు అలా అయ్యాక ఆ సిగ్గు మళ్లీ పడలేక షెడ్డుకు పారిపోయాడు. అక్కడ ఎవత్తె ఉందోనని కామాక్షి లోలోపల కుమిలిపోయింది. అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం లేదు కనుక అడగలేదు.

చివరికి ఫోన్‌లో ఒక ఆస్పత్రి ప్రకటన చూసి విజయభాస్కర్ నెల్లూరు వెళ్లాడు. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు షాక్‌వేవ్ చికిత్స అన్నారు. పేరు వినగానే అతనికి మోటారు స్టార్టర్ గుర్తొచ్చింది.

"కరెంటు పెడతారా సార్?" అన్నాడు.

"కరెంటు కాదండీ, శబ్ద తరంగాలు. రక్తప్రసరణ మెరుగుపడొచ్చు," అన్నాడు డాక్టరు. "కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి."

ఈ చివరి ముక్కలు బయట బోర్డు మీద లేవు. బోర్డు మీద సూర్యోదయమూ, దాని ముందు చేతులు చాచి నవ్వుతున్న దంపతులూ ఉన్నారు. విజయభాస్కర్ బుధవారం బుధవారం వెళ్లి బల్ల మీద పడుకుని, మిషను టకటకమంటుంటే, ఇలాంటి చోట ఇలవేల్పును తలచుకోవచ్చో లేదో తేల్చుకోలేక కళ్లు మూసుకునేవాడు.

ఆ భవనం కింది అంతస్తులో రొయ్యల మందుల దుకాణం ఉండటం అతని ఖర్మ. పక్క గుంట పద్మనాభయ్య నాలుగో బుధవారం అక్కడ అతని బండి చూశాడు. ఆ ఏడు తెల్లమచ్చ తెగులు వచ్చి అందరి రొయ్యలూ పోతే విజయభాస్కర్‌వి నిక్షేపంగా ఉన్నాయి. "ఆయన మా దగ్గరికి రాలేదే," అని దుకాణంవాడు అనేసరికి పద్మనాభయ్య అనుమానం ఇంకా బలపడింది. దుకాణంలో కూడా దొరకని మందేదో వాడుతున్నాడన్నమాట.

ఆరో బుధవారం సాయంత్రం ఐదుగురు రైతులు విజయభాస్కర్ వరండాలో కూర్చున్నారు. కామాక్షి కాఫీ తెచ్చింది.

"అల్లుడా, బుధవారం బుధవారం నెల్లూర్లో ఏం తెస్తుండావో చెప్పు. మా గుంటలన్నీ పోయినాయి," అన్నాడు పద్మనాభయ్య.

"ఏం తేలేదు మామా."

"అమ్మా కామాక్షీ, నువ్వన్నా చెప్పు."

"నాకేం తెలుసు పెదనాయనా. ఆయన యాడికి పోతాడో, ఎవురి కోసం పోతాడో," అంది కామాక్షి.

రైతులంతా గ్లాసుల్లోకి చూశారు. విజయభాస్కర్ భార్య ముఖంలోకి చూశాడు. రెండేళ్లుగా ఆమె ఏమనుకుంటోందో అప్పుడు అర్థమై ప్రాణం విలవిల్లాడింది. ఏదో ఒక మందు పేరు కల్పించి చెప్పడం అతనికి చిటికెలో పని. ఆ పని చేయలేదు.

"గుంటకు కాదు మామా, నాకే," అన్నాడు. "దుకాణం పైన ఆస్పత్రి ఉండాది. మొగతనం తగ్గితే మిషను పెట్టి చూస్తారు. రెండేళ్లుగా నా వల్ల కావడంలా. అందుకే షెడ్డులో పడుకుంటుండా. యాడా ఎవురూ లేరు."

పద్మనాభయ్య లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"చెప్పకపోతే చెప్పకపో అబ్బయా. మందు దాచేదానికి నిన్ను నువ్వే ఇంత మాట అనుకోవాల్నా? పెళ్లాం ముందర ఏ మొగోడన్నా ఇట్టాంటిది చెప్తాడా?"

మిగతా నలుగురూ తలలూపుతూ లేచారు. మనిషి చేత ఇంత అబద్ధం ఆడించిందంటే ఆ మందు మామూలుది కాదని మెట్లు దిగుతూ తీర్మానించారు. వచ్చే బుధవారం తమ గుంటల నీళ్లు సీసాల్లో పట్టుకుని ఆ మేడ ఎక్కాలనీ అనుకున్నారు.

వాళ్లు వెళ్లాక విజయభాస్కర్ తల ఎత్తలేదు.

"నువ్వన్నా నమ్మినావా?" అన్నాడు.

"నమ్మినా," అంది కామాక్షి. ఆమె ఏడుస్తోంది. "మిషను పనిచేసిందా?"

"ఇంకా తెలీడంలా."

"చేస్తే చేసింది, లేకపోతే పోనీ. ఈ మాట ముందే చెప్పుంటే నీ సొమ్మేం పోయింది? నేనే ముసలిదాన్నయిపోయినాననుకొని రెండేళ్లు అద్దం ముందర నిలబడి ఏడ్చినా," అంది.