రిమార్కుల గడిలో పెసరట్టు

2023 వేసవి. గుడివాడ ఊరి చివర, పామర్రు రోడ్డు మీదున్న ఒక వేబ్రిడ్జిలో నేను ఆపరేటరుగా చేరి అప్పటికి పదకొండేళ్లయింది. లారీని ఎక్కించి నిలబెడితే మొత్తం బరువు చూపించే పెద్ద కాటాను వేబ్రిడ్జి అంటారు. దాని ఇనుప పలక కింద ఎనిమిది లోడ్ సెల్స్ ఉంటాయి. పైన పడిన బరువుకు అవి ఎంత నలిగాయో తీగల ద్వారా నా గదిలోకి వచ్చి ఎర్రటి అంకెలుగా కనబడుతుంది. ఖాళీ బండి బరువును టేర్ అంటాం, సరుకుతో ఉన్నప్పటి బరువును గ్రాస్, రెండింటి తేడాను నెట్. నా ఉద్యోగమంతా ఒక తీసివేత.

నేను చదివింది తొమ్మిదో తరగతి. మాది బందరులో చిలకలపూడి. పదిహేనేళ్లు గిల్టు నగల పనిలో ఉన్నాను. అక్కడ గ్రాములో పదో వంతుకు కూడా లెక్క చెప్పాలి. సగటు కట్టడం, శాతాలు వెయ్యడం పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకని డ్రైవర్లు నన్ను లెక్కల మాస్టారు అంటారు. సగం మర్యాద, సగం ఎగతాళి.

యజమాని అడగకపోయినా నేను ఒక పుస్తకం రాస్తాను. రోజూ వచ్చే బళ్ల టేర్, ఒక్కో బండికి వేరే పేజీలు పెట్టి, అందులో ఎక్కిస్తాను. తేదీ, డీజిల్ ముల్లు ఎక్కడుంది, టైర్లకు బురద ఉందా లేదా, టేర్, చివర రిమార్కులు. లీటరు డీజిల్ ఎనిమిది వందల ముప్ఫై గ్రాములు తూగుతుంది. వానాకాలంలో మన నల్లరేగడి ఒక్కో బండికి ముప్ఫై నలభై కిలోలు అంటుకుని వస్తుంది. ఇవి తీసేసి చూస్తే ఏ బండి టేరయినా ఏడాది పొడుగునా పది కిలోలకు మించి కదలదు. కదిలిందంటే ఎవరో ఏదో చేస్తున్నారని అర్థం. స్టెప్నీ, అంటే అదనపు టైరు, దించేసి ఖాళీ బండి తూయించుకోవడం పాత ఎత్తు. టేర్ తగ్గితే నెట్ పెరుగుతుంది. బండిలో లేని సరుకు చీటీలో ఉంటుంది.

రోజుకు నూట ఇరవై బళ్లు వస్తాయి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా తల ఎత్తే వీలుండదు. హారన్లు, తవుడు దుమ్ము, ముందు నన్ను పంపమంటే నన్ను పంపమని కేకలు. ఆ గొడవ మధ్య తొమ్మిది దాటాక ఐదు నిమిషాలు మాత్రం నాకు వేరేగా ఉండేవి. ఆ టైముకు దానియేలు వచ్చేవాడు.

దానియేలుది దివిసీమలో హంసలదీవి దగ్గర ఒక పల్లె. నలభై ఐదేళ్లుంటాయి. ఒక చేపల చెరువుల ఆసామి దగ్గర చిన్న లారీ డ్రైవరు. తెల్లవారక ముందే బయలుదేరి, పామర్రులో టిఫిన్ చేసి, నా దగ్గర టేర్ తూయించుకుని, గుడివాడ మిల్లులో చేపల మేతకు తవుడు ఎక్కించుకుని, తిరుగుదారిలో గ్రాస్ తూయించుకుని వెళ్లేవాడు. ఆదివారం తప్ప రోజూ ఇదే. డ్రైవరు రెండు తూకాలకూ సీట్లోనే ఉండాలన్నది అప్పట్లో నా నియమం.

ఒక రోజు కాటా ఎక్కి, అంకె ఇంకా ఊగుతుండగానే క్యాబిన్ కిటికీలోంచి తల బయట పెట్టి, "మాస్టారూ, ఇవాళ పెసరట్టు ఉప్మా తిన్నానండి. కలుపుకోండి" అన్నాడు.

"నా కాటా ఐదు కిలోలకు ఒక మెట్టు ఎక్కుతుంది. నీ పెసరట్టు దానికి ఆనదు" అన్నాను మైకులో. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎందుకో ఆ రోజు రిమార్కుల గడిలో "పెసరట్టు ఉప్మా" అని రాశాను.

ఆ మర్నాటి నుంచి అది మా ఇద్దరికీ అలవాటయింది. అతను ఏం తిన్నాడో చెప్పేవాడు, నేను రాసేవాడిని. దివిసీమ నుంచి ఏది కాస్తే అది పొట్లం కట్టి నా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లేవాడు. ముంజలు, సీమచింతకాయలు, చలికాలంలో తేగలు. నేను చీటీ చింపి ఇస్తూ టేర్ గట్టిగా చదివేవాడిని. 2,640. నాకు ఆ పని మీద విసుగు పుట్టని ఏడాది అదొక్కటే.

ఆగస్టు నుంచి అతని టిఫిన్ పెరిగింది. ఇడ్లీ నాలుగు, పెసరట్టు. తర్వాత ఇడ్లీ నాలుగు, పెసరట్లు రెండు, పూరీ. "ఇవాళ మీ కాటా కుంగిపోద్ది మాస్టారూ" అనేవాడు. అంకె చూస్తే 2,630. మరో నెలకు 2,625. "తిన్నదంతా ఎక్కడికి పోతోందయ్యా?" అని మైకులో అడిగితే, "చల్లపల్లి దాకా గతుకులండి, రోడ్డు మీద రాలిపోతంది" అన్నాడు. ఆ రోజు నేను నవ్వు ఆపుకోలేక చీటీ తప్పు కొట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, మా ఆట బాగా రక్తి కట్టింది ఆ మూడు నెలలే.

నవంబరులో ఒకసారి, "ఇవాళ నీళ్లే టిఫినండి. దారిలో నాలుగు లీటర్లు తాగాను. దాహం ఆగట్లేదు. నాలుగు కిలోలు కలుపుకోండి" అన్నాడు. నాలుగు కిలోలు నా లెక్కలోకి రావన్నాను. రిమార్కుల గడిలో "నీళ్లు 4 లీ." అని రాశాను.

డిసెంబరుకు టేర్ 2,615కు వచ్చింది. ఇరవై ఐదు కిలోల తేడా. ఇక నాకు నిద్ర పట్టలేదు. ముందు కాటాను అనుమానించాను. మిగతా బళ్ల టేర్లు తీసి చూస్తే ఒక్కటీ కదల్లేదు. డీజిల్ లెక్క సరిచూశాను. మెకానిక్కును పంపి స్టెప్నీ, జాకీ, పరదా ఉన్నాయో లేదో చూపించాను. అన్నీ ఉన్నాయి. మిగిలింది ఒకటే అనుకున్నాను. నా గదిలోంచి క్యాబిన్ అవతలి తలుపు కనబడదు. అతను అటువైపు తలుపు తీసి ఒక కాలు కాటా బయటి గట్టు మీద ఆనించి బరువు తప్పిస్తున్నాడు. అలా చేసిన డ్రైవర్లను ఇద్దరిని నా సర్వీసులో పట్టుకున్నాను కూడా.

ఆ ఉదయం అతను కాటా ఎక్కి ఏదో చెప్పబోతుంటే మైకు అందుకుని, "దానియేలూ, రెండు కాళ్లూ లోపల పెట్టు. కాటాతో ఆటలొద్దు" అన్నాను. వరుసలో పద్నాలుగు బళ్లున్నాయి. అందరూ విన్నారు. వెనక ట్రాక్టరు మీదున్నవాడు, "పెసరట్టు దొంగ దొరికాడ్రోయ్" అని అరిచాడు.

దానియేలు బండి దిగి నా కిటికీ దగ్గరకు వచ్చాడు. "కాళ్లు లోపలే ఉన్నాయి మాస్టారూ. మీరొచ్చి చూడండి."

"చూడక్కర్లేదు. ఇక నుంచి దిగి నిలబడు. రెండు తూకాలూ నువ్వు లేకుండానే చేస్తాను."

అతను వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద నుంచి జారుతోంది. అన్నగారి చొక్కా వేసుకొచ్చాడేమో అనుకున్నాను. అలా అనుకున్న సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. డ్రైవరు లేకుండా బండి 2,560 తూగింది. పుస్తకంలో 2,615 కింద 2,560 రాశాను. ఆ మర్నాడూ 2,560. ఆ తర్వాతా 2,560. అంకె నిలిచింది, లెక్క తేలిందని తృప్తి పడ్డాను. ఆసామి ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగితే, టేర్ తగ్గుతూ వచ్చింది, కారణం తెలియదు, ఇప్పుడు సరి చేశానన్నాను. అబద్ధం ఒక్క మాట లేదు.

దానియేలు ఐదు వారాలు వచ్చాడు. దిగి నిలబడేవాడు, చీటీ తీసుకునేవాడు, వెళ్లేవాడు. ఏం తిన్నాడో చెప్పలేదు. నేను అడగలేదు. ఒకసారి అలవాటు కొద్దీ తేగల కట్ట గట్టు మీద పెట్టబోయి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆ బండిలో వేరే డ్రైవరు వచ్చాడు. దానియేలుకు చల్లపల్లి దగ్గర స్టీరింగు మీదే స్పృహ తప్పిందనీ, బండి నెమ్మదిగా వెళ్తుండబట్టి రోడ్డు పక్క గట్టు ఎక్కి ఆగిందనీ, షుగరు ఐదు వందలు దాటిందనీ, అసలు షుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదనీ చెప్పాడు. కాలి పుండు ముదిరితే రెండు వేళ్లు తీసేశారట.

ఆ సాయంత్రం బందరులో ఇంటికి వెళ్తూ రైల్లో పుస్తకం తెరిచాను. పెడన దాటేలోపు అంతా కనబడింది. తిండి పెరుగుతోంది, తూకం తగ్గుతోంది, దాహం ఎక్కువవుతోంది. తేదీలతో సహా అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. 2,615లో 2,560 పోతే యాభై ఐదు. వేసవిలో 2,640లో అదే తీసేస్తే ఎనభై. ఎనభై కిలోల మనిషి నా కళ్ల ముందు యాభై ఐదు కిలోలయ్యాడు. రోజుకు నూట ఇరవై తీసివేతలు చేసేవాడిని, ఒకదాని కింద ఒకటి పెట్టి రాసుకున్న రెండంకెల మధ్య తీసివేత చెయ్యలేదు. టైర్ల బురదకు, డీజిల్‌కు గడులు పెట్టుకున్న పుస్తకంలో సీట్లో కూర్చున్న మనిషికి గడి లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అవనిగడ్డ మీదుగా వాళ్ల ఊరు వెళ్లాను. మధ్యాహ్నమయింది. వసారాలో నవారు మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. చూపు బాగా తగ్గిందట, నేను మాట్లాడాక గాని పోల్చుకోలేదు.

"మాస్టారా? ఖాళీ చేతుల్తో వచ్చుంటారు. తేగలు పెట్టేది ఎప్పుడూ నేనే కదండి" అన్నాడు.

అతని భార్య మార్తమ్మ చక్కెర లేని టీ తెచ్చి, ఇంట్లో చక్కెర మానేశామని నొచ్చుకుంది. సంచిలోంచి పుస్తకం తీసి ఆమెకు ఇచ్చాను. ఆమె అతనికి రిమార్కుల గడి చదివి వినిపించింది. పెసరట్టు ఉప్మా, ఇడ్లీ నాలుగు, పూరీ. అతను పడీ పడీ నవ్వాడు. "ఇదేంటండి, నా టిఫిన్లన్నీ రాశారా? మా ఆవిడకు పామర్రులో ఇడ్లీ ఒకటేనని చెప్పుకున్నానండి."

మార్తమ్మ నవ్వలేదు. నవంబరు దాకా చదివి ఆగి, వేలితో టేర్ గడి పైనుంచి కిందకు చూసుకుంటూ వెళ్లింది. ఆ అంకెలేమిటని అడిగింది. చెప్పాను. ఎనభై నుంచి యాభై ఐదు దాకా చెప్పాను.

ఆమె అంది. "ఎప్పట్నించి తగ్గుతున్నాడమ్మా అని డాక్టరుగారు అడిగారండి. తెలీదండీ అన్నాను. రోజూ చూసే మనిషి కదండి, నాకు తెలవలేదు. ఇది ఉందని తెలిస్తే చెప్పేదాన్ని అన్నయ్యగారూ."

ఆమె పుస్తకం మూసి నా చేతికిస్తూ, డిసెంబరులోనే బందరు ఆసుపత్రికి వెళ్దామని పోరానని చెప్పింది. అతను వినలేదట. అప్పుడే సెలవు పెడితే కాటా దగ్గర దొంగతనం ఒప్పుకున్నట్టే అవుతుంది, ఒక నెల ఆగి వెళ్దామన్నాడట.

"ఇప్పుడెందుకే ఆ మాట" అన్నాడు దానియేలు, గోడ వైపు తిరిగి.

మైకులో అన్నందుకు క్షమించమని అడిగాను. అతను సరేలెండి అన్నాడు. బస్సు టైమయిందని నేనే లేచాను. ఇంటి ముందు కాలవ గట్టు మీద ఎవరో తేగలు కాలుస్తున్నారు. ఆ వాసన రోడ్డెక్కేదాకా నా వెంట వచ్చింది.

ఇప్పుడు అతను బండి నడపడు. ఆ ఆసామి చెరువుల దగ్గరే కాపలా పని ఇచ్చాడని కొత్త డ్రైవరు చెప్పాడు. నా పుస్తకంలో డ్రైవరుకు ఒక గడి పెట్టాను. నెలకోసారి డ్రైవరు సీట్లో ఉన్నప్పుడు ఒక తూకం, దిగాక ఒక తూకం వేసి, తీసేసి, జవాబు వాళ్లకే చెబుతాను. బరువు పది కిలోలు తగ్గిన ఒక లారీ డ్రైవరును పరీక్షకు వెళ్లేదాకా చీటీ ఇవ్వనని బెదిరించాను కూడా. అతనికి ఏమీ లేదని తేలింది. నన్ను ఇప్పటికీ ఆడిపోసుకుంటాడు. ఆడిపోసుకోనివ్వండి. తేడా కనబడినప్పుడు ముందు మోసాన్ని వెతకడం నా వృత్తి నాకు నేర్పింది. ముందు మనిషిని అడగాలని దానియేలు నేర్పాడు. నేర్చుకున్నందుకు ఖర్చు అతనే పెట్టాడు.

తొమ్మిది దాటాక ఆ లారీ వచ్చి కాటా మీద ఆగుతుంది. ఏం తిన్నావని మైకులో అడుగుతాను. కొత్త డ్రైవరు మొహమాటస్తుడు. తిన్నానండి అంటాడు. రిమార్కుల గడిలో అదే రాస్తాను. దానియేలు డిసెంబరు పేజీలో 2,615, 2,560 అన్న ఆ రెండు అంకెల కింద మాత్రం ఒక తీసివేత గీత గీసి ఉంచాను. గీత కింద ఇంకా ఏమీ రాయలేదు.