తెలుగు తెలిసిన నాంపల్లి కుక్క

ఆ రోజుల్లో మా నాంపల్లిలో ఆడపిల్లను బడికి పంపడమే వింత. ఇక కోడల్ని పంపుతారా? ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక మనవరాలి పలక మీద ఓనమాలు దిద్దాను. (స కింద క వత్తు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంది. ఈ కథకు అదే కావలసి వచ్చింది, నా ఖర్మ.)

అప్పటికి నాకు పదహారేళ్లు, కాపురానికి వచ్చి ఏడాది. బావగారి ఇద్దరు ఆడపిల్లల్ని ఆబిడ్స్‌లో బడికి నడిపించుకుపోయి తీసుకురావడం నా పని. దారిలో ఒక వకీలు సాబు బంగళా, గేటు దగ్గర దూడంత కుక్క. పిల్లల్ని ఆ కుక్క ముట్టిందా, ఆ రోజుతో ఇద్దరికీ బడి బంద్ అని బావగారు ముందే తేల్చేశారు. పెద్దది సాయంత్రాలు నా పక్కన కూర్చుని పాఠం పైకి చదివేది. దాని బడి ఆగిపోతే నా చెవులకున్న బడి కూడా ఆగిపోతుందని నా భయం.

అందుకని వాకిట్లో తాలీం మొదలుపెట్టాను. నేనే కుక్కనై మొరిగాను. కుక్క ఎదురొస్తే ఉరకొద్దు, అరవొద్దు, దాని కళ్లలోకి చూడొద్దు, చేతులు కట్టుకుని దీపస్తంభంలా నిలబడాలి అని నేర్పాను. చిన్నది కాసేపు ఆలోచించి, "చిన్నమ్మా, నిజంగనే కంబమనుకొని కాలెత్తితే?" అంది.

"ఎత్తనీ. లంగా నేను ఉతుకుత. నువ్వైతే కదలకు."

వారం తిరక్కుండానే, బడి నుంచి వస్తుంటే, కుక్క గొలుసు తెంపుకుని రోడ్డెక్కింది. పిల్లలిద్దరూ చేతులు కట్టుకుని స్తంభాలైపోయారు. వరండాలో వకీలు సాబు కనిపించారు. మొజంజాహీ మార్కెట్లో పండ్లు బేరమాడి నేర్చిన ఉర్దూ నాకు అప్పుడే గుర్తు రావాలా? దాన్ని పట్టుకోండి అని మర్యాదగా చెబుదామని, "సాబ్, జర ఉస్కో పకడో" అన్నాను. ఉస్కో అన్నదే తడవు, కుక్క నా మీదికి దూకింది. నేను ఉరికాను, అరిచాను, దాని కళ్లలోకి కూడా చూశాను. వద్దని నేర్పినవన్నీ నేనే చేశాను. నా చెంగు సగం దాని నోట్లో ఉండిపోయింది. పిల్లలు మాత్రం కదల్లేదు.

గేటు కాసే తాతది నల్లగొండ దిక్కు. కుక్కను కట్టేసి వచ్చి, ఉస్కో అంటే మీద పడాలని దానికి తనే నేర్పానని ఒప్పుకున్నాడు. మరి సాబు దినమంతా ఉస్కో, ఉస్కో అంటూనే ఉంటారు కదా అని అడిగాను.

"అది ఉర్దూల ఉస్కో, బిడ్డా. దానికి కదలది. నీ ఉర్దూ తెలుగు లెక్కనే వినవడ్డది."

ఇల్లు చేరాక నేను చెంగు దాచుకునేలోపే చిన్నది బావగారికి అంతా చెప్పేసింది. బడి పోయిందనే అనుకున్నాను. అప్పుడు పెద్దది ముందుకొచ్చింది.

"బాపూ, మమ్మల్ని ముడితే బడి బంద్ అన్నవ్. మమ్మల్ని ముట్టలే. చిన్నమ్మనే ముట్టింది."

తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు నాతో ఎదురుపడి మాట్లాడరు కాబట్టి గోడకు చెప్పారు: "రేపటిసంది పెద్దదే అందర్ని తీస్కపోతది."

ఆ పదహారేళ్ల పంతులమ్మ ఇప్పుడు కనబడితే దగ్గరికి తీసుకుని నవ్వుతానేమో. మర్నాడు పొద్దున ఆమె తన శిష్యురాలి వేలు పట్టుకుని బయలుదేరింది. గేటు రాగానే చేతులు కట్టుకుని, కుట్టు వేసిన చెంగు నోట్లో కుక్కుకుని, మూడో స్తంభంలా నిలబడింది.