లేసు కట్టుకునేంత సేపు

కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన తగిలితే చాలు, నేను ఉన్నచోట ఉండను. మొన్న శనివారం అన్నయ్య, తను వ్యాయామం నేర్పే బడి మైదానం పక్కన కూర్చుని మోకాళ్లకు ఆ నూనె రాసుకుని, లేసుల్లేని కొత్తరకం బూట్లలోకి పాదాలు దూరుస్తుంటే, పక్కనే ఉన్న నేను మలాయ్ తీరంలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లోకి, మా చిన్ననాటి శనివారాల్లోకి వెళ్లిపోయాను.

పొద్దుటే వాన కురిసి వెలిసేది. కొబ్బరి ఎండబెట్టే కొట్టాల పొగ తడిగాలిలో పైకి లేవలేక మైదానం మీదే పొరగా పరుచుకునేది. ఆ పొగలోంచి సముద్రపు ఉప్పు వాసన, మలాయ్ అవ్వ వేయించే అరటిపండు బజ్జీల వాసన కలిసి వస్తుంటే, గులాబీరంగు షర్బత్తు గ్లాసుల్లో మంచుముక్కలు గలగలమంటుంటే, తోటలో జనమంతా ప్లాస్టిక్ కుర్చీలు మోసుకుంటూ ఫుట్‌బాల్ చూడటానికి చేరేవారు. ఆట నియమం ఒక్కటీ తెలియని మా నానమ్మ తమలపాకులు నములుతూ, బంతి ఎటు పోతే అటువాళ్లను తిట్టేది. బడుల ఆటలకు మా నాన్నే రిఫరీ. వారమంతా కొబ్బరికాయలు ఒలిచే మనిషి, నల్లచొక్కా తొడిగి మెడలో ఈల వేసుకుంటే మాకే కొత్తగా కనిపించేవాడు.

గోల్ పడితే పిల్లలు ఊరుకుంటారా? పిల్లిమొగ్గలు వేసేవారు, బురదలో బోర్లా జారేవారు, చొక్కాలు విప్పి గిరగిరా తిప్పేవారు. చొక్కా విప్పితే పసుపు కార్డు చూపాలి, అలాంటివి రెండైతే ఎర్రకార్డు చూపి ఆటలోంచి పంపెయ్యాలి. నాన్నకు తెలియక కాదు. అందుకే గోల్ ఈల వేసిన మరుక్షణం వంగి బూటు లేసు కట్టుకునేవాడు. ముడి ఊడలేదని మైదానమంతటికీ తెలుసు. ఉన్న ముడి విప్పి, నిదానంగా మళ్లీ వేసి, ముడి రెండు చెవులూ సమంగా లాగి లేచేసరికి చొక్కాలు ఒంటిమీదికి వచ్చెయ్యాలి, అదీ ఒప్పందం. ఓడినవాళ్ల ముఖం మీదికి వెళ్లి వెక్కిరించే వాడుంటే మాత్రం నాన్న వంగేవాడే కాదు.

"సంతోసం నాకు అగుపడకూడదు. ఎటకారం అగుపడాల," అనేవాడు.

అన్నయ్యకు బడిలో అది ఆఖరి ఏడు. జిల్లా కప్పు ఫైనల్‌కు రావలసిన రిఫరీ, వానకు రోడ్డు మునిగి రాలేకపోతే, రెండు బడుల మాస్టర్లూ నాన్ననే నిలబెట్టారు. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంచే పెద్దమనిషి ఒకాయన గొడుగు కింద కూర్చున్నాడు. ఆయన కంట పడటమే అన్నయ్యకు కావలసింది. మొదటి సగంలో ఎవరికో కాలు అడ్డం పెట్టి ఒక పసుపు కార్డు తిన్నాడు. ఆట ముగియబోతుండగా బంతి అన్నయ్య నుదుటికి తగిలి వలలో పడింది.

అబ్బ, ఆ అరుపు! నానమ్మ కుర్చీ మీదికెక్కేసింది. అన్నయ్య ఎవర్నీ వెక్కిరించలేదు. చొక్కా విప్పి తిప్పుకుంటూ మూల జెండా దాకా పరుగెత్తి, నవ్వుతూ నాన్న వైపు తిరిగాడు.

నాన్న వంగలేదు. నిటారుగా నిలబడి చూస్తున్నాడు. "వంగు మావా, వంగు!" అని ఎవరో కేకేశారు. నాన్న జేబులోంచి పసుపు కార్డు, దాని వెనకే ఎర్రకార్డు తీశాడు.

కప్పు మావాళ్లే గెలిచారు. వాళ్లు గెంతుతుంటే, అన్నయ్య తడిచొక్కా ఒళ్లో పెట్టుకుని మైదానం బయట కూర్చున్నాడు. గొడుగాయన అటు చూడకుండానే కారెక్కాడు.

ఇంటికి రాగానే అమ్మ, మాట చివర మలాయ్‌వాళ్ల 'లాహ్' తగిలించి మరీ విరుచుకుపడింది. "ఊరి గుంటలందరికీ వంగినావు. నీ గుంటడికి వంగనేకపోనావేటి? ఒక్క నిమిసం లాహ్!"

"ఆళ్లు ఊరి గుంటలు. ఈడు నా కొడుకు. నాను వంగితే ఆ కప్పుని ఎవులు నమ్ముతారు?" అన్నాడు నాన్న.

నూనెగిన్నె తనే వెచ్చచేసి తెచ్చి అన్నయ్య ముందు పెట్టాడు. అన్నయ్య కాళ్లు ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడం ఏళ్ల తరబడి సాగింది. నాకైతే నాన్న మీద కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయన చేసింది తప్పని చెప్పమంటే మాత్రం నోరు రాదు.

ఇప్పుడా మైదానంలో పామాయిల్ చెట్లున్నాయి. కొట్టాలు లేవు, పొగ లేదు, నాన్న లేడు. ఈ కాలపు పిల్లలు గోల్ వేస్తే ముందు భయంగా రిఫరీ చేతివైపు చూస్తారు, పాపం.

మొన్నటి ఆటకు అన్నయ్యే రిఫరీ. అన్నయ్య కూతురు, నా మేనకోడలు, గోల్ వేసింది. వేసిన పిల్ల రిఫరీ వైపు చూడనేలేదు. "అత్తా!" అని కేకపెడుతూ గీత దాటి పరుగెత్తుకొచ్చి, బురదకాళ్లతో నన్ను చుట్టేసుకుంది. గీత దాటి వచ్చి ఆలస్యం చేసినా పసుపు కార్డే. దాని భుజం మీదుగా అన్నయ్య కోసం వెతికాను.

అన్నయ్య వంగి ఉన్నాడు. లేసుల్లేని బూటు మీద, లేని ముడి విప్పి, నిదానంగా మళ్లీ వేసి, రెండు చెవులూ సమంగా లాగుతున్నాడు. నేను పిల్లను ఇంకాసేపు వదల్లేదు.