చేత్తో చుట్టిన పికప్

ఆయన పేరు ఇక్కడ రాయను. గోదావరిఖనిలో గని మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్. ఏ యంత్రం మూగబోయినా ముందు స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి, తల వంచి వినేవాడు. డెబ్బైల్లో మా ఆర్కెస్ట్రాలో నేను వాయించిన ఎలక్ట్రిక్ గిటారుకు, తీగల నాదాన్ని పట్టే పికప్‌ను ఆయనే తయారుచేశాడు. వెంట్రుకంత సన్నని రాగితీగను రెండు నెలల పాటు చేత్తో చుట్టాడు.

మొదటి కచేరీ ఆఫీసర్ల క్లబ్బులో. క్లబ్బు సెక్రటరీ మైకు అందుకుని, "ఈ పికప్ నేను బొంబాయి నుంచి తెప్పించాను" అన్నాడు. డ్యూటీ బట్టల్లో వచ్చాడని ఎలక్ట్రీషియన్‌ను గేటు దగ్గరే ఆపేశారు; మైకులో ఆ మాట అక్కడిదాకా వినిపించింది. వేదిక మీదున్న నేను నోరు మెదపలేదు.

మరుసటి నెల కచేరీ మధ్యలో గిటారు మూగబోయింది. సెక్రటరీ జీపు పంపి ఆయన్నే పిలిపించాడు. ఆయన పికప్‌ను తట్టాడు. స్పీకర్‌లో చప్పుడు రాలేదు. దాని వైర్లను నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపి మళ్లీ తట్టాడు. 'టక్'మని హాలంతా వినిపించింది.

"కాయిల్ మంచిగనే ఉన్నది. వాల్యూమ్ బటన్ కాడ టంకం ఊడింది."

"తొందరగా పెట్టవయ్యా, జనం చూస్తున్నారు," అన్నాడు సెక్రటరీ.

ఆయన టంకం పెట్టలేదు. మరలు విప్పి, పికప్‌ను జేబులో వేసుకున్నాడు.

"ఇది నేను చుట్టింది సారూ. మీరు బొంబాయిది తెప్పిచ్చుకోండ్రి."

హాలంతా గొల్లున నవ్వింది. నేను ఆయన వెనకాలే గేటు దాకా పరుగెత్తాను.

"అన్నా, నా మీద ఎందుకు కోపం? నేనేమన్న?"

"ఏమనలే తమ్మీ. ఆ సారుకు నేనెవరో తెల్వదు. నువ్వు రెండు నెలలు నా పక్కన కూసొని చూసినవ్. విప్పింది నీ వల్లనే."