సుగుణమ్మ సిస్టర్‌కు వచ్చిన జ్వరం

స్పిరిట్ దూది వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది సూది కాదు, సుగుణమ్మ సిస్టర్. నిన్న పులివెందులలో, మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుకు కామెర్ల టీకా వేయబోతూ భుజం తుడుస్తుంటే, "ఏమన్నా అయితాదా అక్కా?" అని అడిగింది. ఆ ప్రశ్న వింటే నాకు నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది.

నేను మొదట చేరింది జమ్మలమడుగులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. అక్కడ హెడ్ సిస్టర్ సుగుణమ్మ. దేన్నీ ఊరికే వదిలే మనిషి కాదు. పుండు ఎందుకు మానలేదో, రోగి అన్నం ఎందుకు వదిలేశాడో తేలేదాకా "యాల? యాల?" అని అందరి ప్రాణం తీసేది. చాటుగా మేము ఆమెను యాలమ్మ అనుకునేవాళ్లం. ఆ సంగతి ఆమెకు తెలుసని చాలా ఆలస్యంగా తెలిసింది.

కరోనా టీకా వచ్చినప్పుడు ముందు వంతు ఆసుపత్రి వాళ్లదే అన్నారు. సంబరపడినవాళ్ల కంటే సెలవడిగినవాళ్లే ఎక్కువ. సిస్టర్ మా నర్సులందరినీ పోగేసి, టీకాకు ముందే తలా ఒక జ్వరం మాత్ర మింగించింది. "మనం మూలుగుతా పండుకుంటే ఆయాలు సూది ఏపిచ్చుకుంటారా? నవ్వుతా తిరగాల" అంది. మరునాడు మేమంతా నవ్వుతూనే తిరిగాం. ఆ నవ్వులు చూసే షరీఫా సూదికి చెయ్యి చాపింది. పెద్దముడియం నుంచి రోజూ బస్సులో వచ్చే ఆయా ఆమె. ఆమెకూ ఒక మాత్ర ఇవ్వాలని మాలో ఎవరికీ తట్టలేదు.

షరీఫాకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. పనికి రాలేదు. "నర్సులకు మంచి మందు, మాకు నాసిరకం" అని మిగతా ఆయాలు ఒక్కమాటగా టీకా వద్దన్నారు. కరోనా రోగుల పక్కలు ఎత్తేది వాళ్లే కదా, నాకు భయమేసింది. సిస్టర్ మాత్రం "దానికొక్కదానికే యాల?" అని వార్డంతా తిరిగింది. తిరిగి తిరిగి నా ముందు చటుక్కున ఆగిపోయింది. "నేనే పాపా. మన జరాన్ని నేనే మాత్రతో దాచిపెడితి" అంది.

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని పెద్దముడియం బస్సెక్కింది. షరీఫా మంచం మీద ముడుచుకుని ఉంది.

"నాకే యాల వచ్చె సిస్టరమ్మా? నా రక్తం మంచిది కాదా?"

"నీ రక్తానికేం మే! మేం ముందే మాత్ర మింగినాం. నీకు చెప్పలే. తప్పు నాదే."

"అయితే మీ నవ్వు అబద్ధమా?" అని షరీఫా గోడవైపు తిరిగిపోయింది. 

నెల తర్వాత రెండో విడతకు సిస్టర్ మాత్ర ముట్టుకోలేదు. "ఈసారి జ్వరం రాకపోతే?" అన్నాను. "రాకుంటే రాలేదనే చెప్తా. ఏమొస్తాదో నాకూ చూడాలనుండాది" అంది. మరునాడు దుప్పటి కప్పుకుని ఆయాల గది ముందు బల్లమీద వణుకుతూ కూర్చుంది. వచ్చేపోయే ప్రతి ఆయానూ పిలిచి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూడమంది. ఒళ్లు మండుతున్నా ఆ కళ్లలో చిన్నపిల్లల ఆరాటమే. అప్పటికి జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన షరీఫా చాలాసేపు దూరంగా నిలబడి, చివరికి దగ్గరకొచ్చింది.

"కాలిపోతాంది సిస్టరమ్మా."

"నీకూ ఇట్లే మోకాళ్లు పీకినాయా?"

"మోకాళ్లు గాదు, నడుము."

"నాకు నడుము లేదే! యాల?"

ఇద్దరూ అత్తగార్ల గురించి మాట్లాడుకున్నంత ఇష్టంగా నొప్పులు పోల్చుకున్నారు. ఆ తర్వాత షరీఫా గదిలోకి తల పెట్టి, "రాండి మే, మందు ఒకటే. నాకొచ్చిన జరమే ఆయమ్మకూ వచ్చినాది" అని కేకేసింది. తన రెండో సూదికి ఆమే ముందు నడిచింది. మిగతావాళ్లు గొణుక్కుంటూనే వెనక బయలుదేరారు.

సుగుణమ్మ ఇప్పుడు లేదు. ఆమెను తలుచుకుంటే ఈనాటికీ బెంగగా ఉంటుంది. నేను సూదికి భయపడే నర్సునే, కాదనను. కానీ నా ఒంట్లో ఏమైందో పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడను. ఎవరైనా టీకా వేయించుకుని "నాకేమీ కాలేదు" అని గొప్పగా అంటే మాత్రం, పక్కన కూర్చుని మెల్లగా అడుగుతాను: "ముందు ఏం మింగినావు?"