తిమ్మిరి లేని చెయ్యి

లీలక్క నిన్న మధ్యాహ్నం పోయింది.

ఓర్వకల్లు దాటాక బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "లీల ల్యాదు పాపా" అంది. నేను "యాడికి పోయింది?" అన్నాను.

మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా మనిషి సాయం కావలసిన లీలక్క ఎక్కడికి పోతుంది? నోటికి అదే వచ్చింది.

లీలక్క మా పెద్దమ్మ కూతురు. ఫిజియోథెరపిస్ట్. ఎర్రగుంట్లలో ఇంటి ముందు గదే ఆమె క్లినిక్. సిమెంటు లారీలు తోలేవాళ్ల నడుములూ మెడలూ ఆమె చేతుల్లోనే సర్దుకునేవి. ఆమెను చూసే నేనూ కర్నూల్లో అదే కోర్సులో చేరాను.

చేతి అనాటమీ నాకు ఆమే నేర్పింది. తన ఎడమ చేతి మీదే స్కెచ్ పెన్నుతో గీసేది. చంక నుంచి మోచెయ్యి వెనకగా చిటికెన వేలి దాకా ఒక నీలం గీత.

"ఇది అల్నార్ నరం. మోచెయ్యి గోడకు తగిలితే జివ్వుమంటాది సూడు, అది ఇదే."

ఒకరోజు అలా గీస్తుంటే ఆ చేతిలో కండ అదరడం మొదలైంది. చర్మం కింద పురుగు పాకినట్టు.

పెద్దమ్మ చూసి మురిసిపోయింది. "ఎడమ పక్క అదిరితే ఆడపిల్లకు శానా మంచిది. ఈ తూరి సంబంధం కుదురుతాది."

"ఆయప్ప యాడుండాడో కనుక్కోమా, నా చెయ్యి అప్పుడే పిలుస్తాంది" అంది లీలక్క.

ముగ్గురం నవ్వాం.

అదురు ఆగలేదు.

కొన్నాళ్లకు నన్ను పిలిచి రెండు చేతులూ టేబుల్ మీద పెట్టింది. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గుంత.

"అల్నార్ నరం నొక్కుకుంటాందేమో. ఆపరేషన్ చేస్తే పోతాది."

గుండుసూది నా చేతికిచ్చి కళ్లు మూసుకుంది.

చిటికెన వేలు. "తెలిసింది."

ఉంగరం వేలు. "తెలిసింది."

అరచెయ్యి. "తెలిసింది."

ప్రతిసారీ గొంతు ఇంకాస్త దిగిపోయింది.

"యాడన్నా ఇంత తిమ్మిరి ఉంటే బాగుండు మే."

తిమ్మిరి ఉంటే నరం ఎక్కడో నొక్కుకున్నట్టు. విడిపించవచ్చు. కానీ అదే అల్నార్ నరం నడిపించే చిటికెన వేలి వైపు కండ నిండుగా ఉంది. వేరే నరం నడిపించే బొటనవేలి అడుగు కండ కరిగిపోయింది. స్పర్శ మాత్రం చెక్కుచెదరలేదు. అంటే తేడా చేతిలో లేదు. పైన, వెన్నుపాములో.

లీలక్క నా చేతిలోని గుండుసూది తీసుకుని డబ్బాలో పెట్టేసింది.

పెద్దమ్మ టీ తెచ్చింది. "నొప్పా?"

"ల్యాదుమా."

"తిమ్మిరా?"

"ల్యాదు."

"ఇంకేం మరి, మొగాలు అట్ల పెట్టుకోనుండారు?"

మా ఇళ్లలో నొప్పీ తిమ్మిరీ లేకపోతే జబ్బు లేనట్టే. పైగా ఎడమ పక్క అదురు.

సంబంధం కోసం పెద్దమ్మ అహోబిలానికి మొక్కుకుంది. లీలక్క కాదనలేదు, ముగ్గురం వెళ్లాం. దర్శనం అయ్యాక చెప్పులు వేసుకుని బస్సు వైపు నడుస్తుంటే ఆమె ఎడమ చెప్పు జారిపోయింది. వేసుకుంది. మళ్లీ జారింది. వేళ్లతో పట్టి ఉంచాలని చూసింది. వేళ్లు పట్టలేదు.

"వదులైనట్టుండాది, కొత్తవి కొందాం పా" అంది పెద్దమ్మ.

లీలక్క నా వైపు తిరిగి, చాలా మామూలుగా, "కాలు గూడా" అంది.

తర్వాత డాక్టర్లు పేరు చెప్పారు, మోటార్ న్యూరాన్ డిసీజ్ అని. మాకు అది కొత్త పేరు కాదు.

ఆమె తన ఒంటినే పాఠంలా చదివింది. తర్వాత ఏ కండ పోతుందో ముందే చెప్పేది. భుజం. రెండో కాలు. నాలుక. ఒక్కసారైనా తప్పు చెప్తుందేమోనని ఎదురుచూశాను.

తప్పలేదు.

మాట పోయాక కళ్లతోనే చెప్పింది. చివరికి మిగిలింది ఊపిరి తీయించే కండ.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఇంటికి వచ్చినవాళ్లు పెద్దమ్మను ఓదారుస్తూ ఒకే మాట అంటున్నారు. "పోనీలే అక్కా, కట్టె మాదిరి పడుండె. బిడ్డకు ఏం తెలిసింటాది?"

నాకు కోపం వచ్చింది. ఈ జబ్బు కదిలించే నరాలనే తింటుంది, స్పర్శ జోలికి పోదు, అన్నీ తెలిశాయి పెద్దమ్మా అని చెప్పేశాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అరికాళ్లకు నూనె రాసింది?"

"తెలిసింది."

"నిన్న తల నిమిరింది?"

"తెలిసింది పెద్దమ్మా."

ఆమె మొహం కాస్త తేలికపడింది. అంతలోనే మళ్లీ మారిపోయింది.

"అయితే ఊపిరాడనిది గూడా తెలిసింటాది గదా?"

జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. ఆమె ఇంకా నా చెయ్యి వదల్లేదు.

రేపు ఇంటికి వచ్చేవాళ్లకు ఒక్క మనవి. తెలిసిందనీ అనొద్దు, తెలియలేదనీ అనొద్దు. పెద్దమ్మ పక్కన ఊరికే కూర్చోండి.

లీలక్కా, ఇంక పడుకో. గాలి ధారాళంగా ఆడే చోట నీకు నెమ్మది దొరకాలి.