చింతపండు గది

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు ఫోన్లో ఒక ఇంటి ఫొటో చూపించి, ఇది మీ పుట్టిల్లే కదా అని అడిగింది. ధర్మపురి నడిబొడ్డున పాతకాలపు పెంకుటిల్లు, మరమ్మతులు చేయించుకోవాలి, అమ్మకానికి ఉంది అని కింద అరవంలో రాసి ఉంది. మా తమ్ముడు ఇల్లు అమ్మదలచుకున్నాడనీ, నా ఒక్క మాట కోసమే ఆగి ఉన్నాడనీ నాకు తెలుసు. అయినా ఆ చెక్క స్తంభాలూ, పెంకులు జారిన వసారా అంత చిన్న అద్దంలో కనిపించేసరికి, మెట్టినూరు కంబైనల్లూరులో నా మంచం మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎటో వెళ్ళిపోయాను.

మాది చింతపండు వ్యాపారం. ఎండలు మొదలయ్యే వేళకి తీర్థమలై వైపు నుంచి బండ్ల మీద కాయ దిగేది. ఇంటి మధ్య ఆకాశం కనిపించే వాకిలిని మేము ముట్రం అని అరవ మాటతోనే పిలిచేవాళ్ళం. వీధిలోని ఆడవాళ్ళంతా అక్కడ చేరి, పెంకు ఒలిచి, ఈనెలు లాగి, చిన్న సుత్తులతో తట్టి గింజలు తీసేవాళ్ళు. ఆ టకటక వింటూ స్తంభానికి ఆనుకుని నిద్రపోయిన మధ్యాహ్నాలు ఎన్నో. మన ఈడువాళ్ళకి చెప్పాలా, ఆ నిద్ర మళ్ళీ ఏ పరుపు మీదా పట్టలేదు.

గింజ తీసిన పండుకి కల్లుప్పు కలిపి బానల్లో తొక్కి పెట్టే పని మాత్రం మా మేనత్తదే. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి ఆమె పుట్టింటికి తిరిగి వచ్చేసింది. బానలుండే వెనక గదిలోనే ఒక మూల చాప వేసుకుని అక్కడే ఉండిపోయింది. మా నాన్న ముందు గది ఇస్తానన్నా వద్దంది, పోనీ బానలనైనా బయటికి మార్పిస్తానంటే అసలే ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరింట్లో పథ్యం పెట్టాలన్నా నల్లబడిన పాత పండు కోసం అత్త గది తలుపే తట్టేవాళ్ళు, ఆమె కూడా పెద్ద ఉద్యోగస్తురాలిలా కాసేపు వాళ్ళని నిలబెట్టి గానీ ఇచ్చేది కాదు.

ఆ గది నాకు ఒక కల. పైన పెంకుల మధ్య ఒక గాజు పలక ఉండేది, పొద్దు నడినెత్తికి వస్తే అందులోంచి వెలుగు దిగి గోడ మీద పడేది. బానల్లోంచి ఊరిన ఉప్పునీరు గోడలోకి ఎక్కి తెల్లగా పూత పూసేది కదా, ఆ వెలుగులో అది తళతళలాడుతుంటే అంతకన్నా అందమైన గోడ లోకంలో ఉండదనుకునేదాన్ని. ఎవరూ చూడకుండా నాలుకతో నాకేదాన్ని కూడా. అత్త చూసినా చూడనట్టే ఊరుకునేది.

సున్నం కొట్టడానికి వచ్చిన మేస్త్రి, ఉప్పు గోడని తినేస్తోందని ఏటా పోరేవాడు. అత్త లెక్కచేసేది కాదు. "తింటే గోడని తిననీలే మేస్త్రీ, నన్నేం తినేది లేదు గదా" అనేసి మళ్ళీ ఉప్పు కలపడంలో పడిపోయేది. చివరి రోజుల్లో నన్ను దగ్గరికి పిలిచి, తమ్ముడి ఎదురుగానే, ఈ గది నీదే అంది. కాగితమూ లేదు, సాక్షులూ లేరు, మేమిద్దరమే విన్నాం.

నిన్న వెళ్ళాను. కొనడానికి వచ్చిన భార్యాభర్తలు చిన్నవాళ్ళు, పాత ఇళ్ళంటే ముచ్చట పడేవాళ్ళు. స్తంభాలూ ముట్రమూ అలాగే ఉంచుకుంటామన్నారు, వెనక గది మాత్రం పడగొట్టక తప్పదన్నారు. గోడ మీద వేలు పెడితే ఇసుకలా రాలింది. ఇంకొక వానాకాలం ఆగితే ఆ గోడ మిగతా ఇంటిని కూడా లాక్కుని పడిపోతుందట. తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. "అత్త నీకని చెప్పిపోయింది, నువ్వు సరి అంటేనే నేను కాగితం మీద చెయ్యి పెట్టేది అక్కా, లేదంటే వాళ్ళని పంపించేస్తాను" అన్నాడు.

గాజు పలక కింద చాలాసేపు నిలబడ్డాను. వద్దనాలనే వెళ్ళిన మాట నిజం. కానీ ఆ గోడని చూస్తుంటే, చిన్నప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిసింది. అత్తకి చింతపండు మీద అంత ప్రేమేమీ లేదు. పని లేకుండా పుట్టింట్లో అన్నం తింటోందని ఎవరూ అనకూడదని, ఆ బానలని పట్టుకుని బతికింది. చింతపండు ఉన్నా లేకపోయినా నువ్వు ఈ ఇంటి మనిషివే అని ఆమెతో ఒక్కరూ అనలేదు. అని ఉంటే ఆ బానలు ఎప్పుడో బయటికి వెళ్ళేవి, ఈ గోడ ఇవాళ నిలిచి ఉండేది. ఏడుపొచ్చింది. ఆమె తలదాచుకున్నందుకు ఇల్లంతా కూలిపోయిందన్న మాట మాత్రం ఆమెకి రానివ్వకూడదనుకుని, తమ్ముడికి సరి అని చెప్పాను.

ఈ కాలపు ఆడపిల్లలకి పుట్టింట్లో వాటా చట్టమే రాసి ఇస్తుంది, చాప వేసుకోవడానికి ఏ బానల చాటూ అక్కర్లేదు. అందుకు నాకు నిజంగా సంతోషమే. మా తమ్ముడి పిల్లలకైతే వాటాలు కాగితం మీద ఎప్పుడో తేలిపోయాయి, వాళ్ళు ఒకరినొకరు అడగాల్సిన పనే లేదు. పోయిన మనిషి అన్న ఒక్క మాట కోసం ఇల్లమ్మడం ఆపుకుని, అక్క ముఖం వైపు చూస్తూ నిలబడేవాళ్ళు మాత్రం, బహుశా మాతోనే ఆఖరు.